ఏడోది దగ్గుతోంది

గుత్తి షెడ్డులో మధ్యాహ్నం
ఇనుము మీద చెయ్యి పెట్టలేం.
ఒక బోల్టు విప్పి ఇంకో బోల్టు బిగించేలోపు
చొక్కా మీద చెమట ఆరి ఉప్పు గీతలవుతాది,
పచ్చి శెనక్కాయలు ఉడకేసిన నీళ్ళు ఇగిరిపోయినాక
గిన్నె అంచున మిగిలినట్టు.

కుళ్లాయప్ప మామకు ఎడమ చెవి లేదు.
అంటే, ఉండాది. వినపడదు.
ముప్పయ్యొక్క ఏండ్లు ఇంజన్ల పక్కన నిలబడి
దాన్ని షెడ్డుకే ఇచ్చేసినాడు.
కుడిది దాచుకున్నాడు, చిల్లర దాచుకున్నట్టు.
మూరెడు స్క్రూడ్రైవరు మొన ఇంజను ఒంటి మీద,
పిడి చెవి వెనక ఎముక మీద.
కళ్ళు మూసుకుంటాడు.
ఆ కాసేపు మేము టీ గ్లాసు కూడా చప్పుడుగా పెట్టం.

"నాలుగోది సరిగ్గా తాగడం లేదు."
విప్పి చూస్తే నాలుగోదే.
కంప్యూటరు తెచ్చిన సారు
తీగలు చుట్టుకుని, మాట్లాడకుండా,
సంచి జిప్పు లాక్కుంటాడు.

మొన్న రాత్రి డ్యూటీలో, పని పల్చబడినాక,
నా ఫోనులో ఒకటి చూపించినా.
యూరప్‌లో యాడనో, పేరు నోరు తిరగని స్టేషను.
సన్న వాన. పట్టాల మధ్య కూడా గడ్డి.
రోంత వాలిన ముక్కుతో నీలం డీజిలు,
వెనక కంకర పెట్టెలు, లెక్క పెడితే నిద్రొస్తాది.
"ఆ దేశాల్లో ఎక్కువగా గూడ్సు లాగేది ఇదేనంట మామా.
కడుపులో మన దాని గుండెకాయే.
మనకు పదహారు సిలిండర్లు, దానికి పన్నెండు."

"అక్కాచెల్లెళ్ళా?"
"ఒక తల్లి బిడ్డలే."
"చిన్నదానికి వాన దేశం సంబంధం కుదిరింది.
పెద్దదాన్ని మనకిచ్చినారు, ఎండకు."
వక్క నములుతూ నవ్వినాడు.
క్యాబులో ఉక్క, మోత అని
అక్కడి డ్రైవర్లు కూడా తిట్టుకుంటారని చెప్తే
ఇంకా సంబరం:
"వానలో కూడానా!"

అప్పుడు ఫోను తీసుకున్నాడు.
బొమ్మ చూడలేదు.
చెవి వెనక ఎముకకు ఆనించి కళ్ళు మూసినాడు.
నలభై సెకన్లు. అయిపోయింది.
"ఇంకోసారి పెట్టు పాపా."
నాకు ముప్పై నాలుగేండ్లు, ఆయనకు పాపనే.
మళ్ళీ పెట్టినా. మళ్ళీ.
బయట మెయిన్ లైను మీద
కొత్త తీగల కింద కరెంటింజను సిమెంటు బండ్లు లాక్కుపోయింది.
దాన్ని మామ పట్టించుకోలేదు,
దానికి దగ్గు లేదు, ఆయాసం లేదు,
ఏమని వింటాడు?

"ఏడోది దగ్గుతోంది. ఇంజెక్టరు కారుతుండాది. వాళ్ళకు చెప్పు."
"ఎవరికి మామా?"
"ఎవురో ఒకరు ఉంటారు కదమ్మా ఆ షెడ్డులో.
స్పానరు పట్టుకున్నోడు."

ఆ వీడియో పన్నెండేండ్ల నాటిదని చెప్పలేకపోయినా.
ఆ ఇంజను ఇప్పుడు యాడుండాదో,
వానలోనే ఉండాదో, తుక్కుగా కోసినారో,
ఆ ఏడోదాన్ని ఎవురైనా విన్నారో.

తెల్లారి గుత్తి కోట మీద ఎండ పడుతుండగా
కొళాయి దగ్గర చేతులు రుద్దుకుంటూ అడిగినాడు:
"చెప్పినావా?"
"చెప్పినా."
"ఏమన్నారు?"
"చూస్తామన్నారు."
"చూడాల. లేకుంటే పిస్టన్ తినేస్తాది."

రిటైరు కాగితం ఆయన జేబులోనే ఉండాది,
నాలుగు మడతలు పెట్టి, గ్రీజు వేలి గుర్తుతో.
సగం దూరం పోయి వెనక్కొచ్చినాడు.
"ఏ రంగన్నావు దాన్ని?"
"నీలం."
"నీలం," అనుకుంటూ
పిట్ లైను దిగి పోయినాడు
పెద్దదాని కాడికి.