రేకుల రూము

పార్క్‌లేన్‌ల మూడో షాపు. మిట్టమధ్యాహ్నం.
పెద్ద గ్రాఫిక్స్ కార్డున్న నల్ల ల్యాప్‌టాప్ మీద
పెట్టిన చెయ్యి తీస్తలేను.

ఖదీర్ భాయ్ ధర చెప్పలే.
"యాడ ఆడుతవ్?" అన్నడు.
చిలకలగూడ. మూడో అంతస్తు మీద రేకుల రూము.
"ఎండకాలమూ ఆడ్నేనా?"
నేను మాట్లాడలే.

"లారీ ఇంజను తెచ్చి లూనాకు కడితే
ఉరుకదు బేటా, ఉడుకుతది."
బోర్లించి చూపిండు:
సన్నటి జాలి, ఒక్కటే ఫ్యాను,
ఎనిమిది జీబీ ర్యామ్,
పక్క స్లాటు ఊడిన పన్ను లెక్క ఖాళీ.

కార్డు ఒక మెట్టు దించిండు.
మిగిలిన పైసలకు ర్యామ్‌ను జోడీ చేసిండు.
లావు రాగి గొట్టాలది, బరువుది,
ఎవ్వరూ అడగనిది
అల్మారా అడుగున్నుంచి తీసి దుమ్ము తుడిచిండు.
పదకొండు నెలల చిట్టీ పైసలు లెక్కపెడుతున్న,
కండ్లు మాత్రం ఇంకా ఆ నల్లదాని మీదనే.

రాత్రి ఒంటిగంట.
రేకులు పొద్దటి సెగ ఇంకా కక్కుతనే ఉన్నయ్.
రెండు ఫ్యాన్లు నిమ్మళంగ ఊపిరి తీస్తున్నయ్,
ఒక్క ఫ్రేమన్న తడబడలే.
పక్క చాప మీద ఓదెలు గోడదిక్కు మర్లిండు.

మళ్లా ఓడిన.
ఈసారి
మిషన్ మీదికి నెట్టనీకి లేదు.