పదిహేడు

ఇరవై రెండేళ్లు చేపల ఓడలో కూడు వండాను.
ఇప్పుడు క్లాక్స్‌విక్ రేవు పక్క బడిలో
ఓడ వదిలి పారిపోవడం నేర్పుతున్నాను.
పారిపోవడం అనకూడదట, పుస్తకంలో పెద్ద మాటుంది.
నేను అదే అంటాను.
పిల్లలు నవ్వితే మెలకువగా ఉన్నట్టు.

ఈ వారం హోగ్ని గీసిన పటం గోడకెక్కింది.
రెండు అంతస్తులు, మెట్లు, తెప్పల గూళ్లు,
ఎవరెటు పోవాలో ఎర్ర బాణాలు
చీమల బారులా తీర్చాడు.
పద్దెనిమిది మంది ఓడ.
"బాగుంది నాయనా.
రాత్రి మూడింటికి దీపాలు పోయి
నేల గోడయ్యాక
ఈ ఎరుపు ఎవరి కంటికి ఆనుతుంది?"
దీపం ఆర్పేసి
తడుముకుంటూ తలుపు దాకా రమ్మన్నాను.
రన్‌వా కుర్చీని తన్నింది, ఎవడో నా కాలు తొక్కాడు.
బయట వాన, ఒక గొర్రె అరుపు.

అందరూ వచ్చారా?
హోగ్ని భుజాలు తట్టి లెక్కపెట్టాడు:
పదిహేడు.
మళ్లీ పెట్టాడు. పదిహేడే.
వాడి గొంతు సన్నబడింది.
బల్లల కింద చేతులు పెట్టి వెతికాడు,
పేరు పేరునా పిలిచాడు,
పిలిచిన ప్రతి పేరూ పలికింది.
నేను నోరు మెదపలేదు.
ఇలాంటి పదిహేడు కోసం
మండుతున్న ఓడలోకి తిరిగి దిగినవాణ్ణి ఎరుగుదును.
చివరికి రన్‌వా వాడి రొమ్ము మీద వేలితో పొడిచింది.
"నువ్వురా."

మధ్యాహ్నం అందరినీ రేవులోకి దూకించాను.
ముక్కు మూసుకో, కిందికి చూడకు.
ఈదకు, ఈత ఒంట్లో వేడిని దోచుకుంటుంది.
మోకాళ్లు ముడుచుకుని పక్కవాడికి అతుక్కో,
నిన్న కొట్టుకున్నవాడైనా సరే.
తెప్ప ఎక్కగానే వాంతి మాత్ర, కడుపు తిప్పకముందే.
మొదటి రోజు నీళ్లు లేవు, గాయపడ్డవాడికి తప్ప.
బిస్కెట్టు రంపపు పొట్టులా ఉంటుంది,
నా చేతి వంట తలుచుకోండి.

నిరీక్షణ గురించి పుస్తకంలో అరపేజీ.
నేను రెండు గంటలు తీసుకుంటాను.
తెప్ప గుడారం మూసి, అందరినీ కూర్చోబెట్టి,
ఏమీ చెప్పను.
ముందు జోకులు.
తర్వాత ఎవరి మోచెయ్యి ఎవరికి తగిలిందని తగువు.
తర్వాత ఎవడో మెల్లగా అంటాడు
ఈవేళ ఇంట్లో ఏం వండుతున్నారో అని.
అప్పుడు నోరు విప్పుతాను.
ఒకరు నీళ్లు తోడండి, ఒకరు కాపలా,
ఒకరు ఆ వంట సంగతే చెప్పండి, ఆకలి పెరిగితే పెరగనీ.
పనిలేని చెయ్యి
ముందుగా తాడు వదిలేస్తుంది.

సాయంత్రం తడి దుస్తులు కొక్కేలకి తగిలించి
సామాను లెక్కచూశాను.
నారింజ రంగు దుస్తులు పద్దెనిమిది.
ఈలలు పదిహేడు.
వంగి బెంచీ కింద చూడబోతుంటే
బస్సు ఆగేచోటు నుంచి కూత.
పొడుగ్గా ఇంకోటి.
రేపు వాణ్ణి గట్టిగా కోప్పడాలి,
బడి సొత్తు మరి.