ఇరవై సెంట్ల నీళ్ళు

ఆనందపురంలో మా చామంతి మడి పక్కన
ఇరవై సెంట్లు తవ్విస్తే
ఎర్రమట్టి నాలుగు రోజులు నీళ్ళు తాగుతూనే ఉంది.
ఐదో రోజు ఒప్పుకుంది.

సున్నం చల్లాను, పచ్చిపేడ కలిపాను.
చెయ్యి ముంచితే, నీళ్ళు మోచేతిని తాకేసరికి
అరచెయ్యి కనపడకుండా పోవాలట,
అప్పుడే నీరు పండినట్టు.
రోజూ పొద్దున్నే చూసేదాన్ని, ఉంగరం తీసి పెట్టి.

పూల మార్కెట్టు నుంచి వచ్చే ఖాళీ ఆటోలో
నా ఒళ్ళో కూర్చుని వచ్చాయి పిల్లలు.
గాలి కట్టిన సంచిలో మూడు వందలు,
ఆవగింజంత కళ్ళు.
సంచిని అరగంట నీళ్ళ మీద తేలనిచ్చాను,
లోపలి చలినీ బయటి వేడినీ
పలకరించుకోనిచ్చాను.
ముడి విప్పితే వెళ్ళిపోయాయి, వెనక్కి చూడకుండా.
చేపకి మెడ లేదు కదా.

తిలాపియా అన్నాడు అమ్మినవాడు.
చైనా గొరకలన్నారు ఊళ్ళో.
మా ఆడపడుచు సూరీడమ్మ మాత్రం
"ఎన్నెయ్యాలో కాదొదినా, ఎన్ని తియ్యాలో తెల్సా?" అంది.
నాకు తవుడు పెట్టడం తెలుసు.
చెక్క నానబెట్టడం తెలుసు.

ఏడాది తిరిగేసరికి
గుప్పెడు తవుడు విసిరితే గుంటంతా ఒకటే నోరు.
వల లాగితే పదిహేను కేజీలు,
అందులో ఒక్కటీ నా జానకి రాలేదు.
నోట్లో పిల్లల్ని దాచుకున్న
రెండు వేళ్ళ వెడల్పు తల్లులు.
జాలేసేది.
చిన్నవి కదా అని మళ్ళీ నీళ్ళలోనే వదిలేదాన్ని.

పడవకి కట్టే బంతిదండల కోసం
భీమిలి నుంచి వచ్చాడు గరికిన దానయ్య.
గట్టు మీద గొంతుక్కూర్చుని
కేజీహెచ్ డాక్టరు జలుబుని చూసినట్టు
నా గుంటని చూశాడు.
"నువ్వు ఒగ్గీసిన పిల్లలే నీ చేపల్ని తినెత్తన్నాయమ్మా.
నోటితో కాదు, వాటి వంతు తినీసి.
పిల్లని ఒగ్గీడం సముద్రంలో ధరమం.
ఇక్కడ గట్టుంది కదా."

తర్వాతి వారం బిందెలో తెచ్చాడు
ఎనిమిది కొరమీను పిల్లల్ని, పాము తలలవి.
దండల డబ్బులు చెల్లన్నాడు.

ఆ రాత్రి నీళ్ళలో ఒక చప్పుడు,
మూకుడు బోర్లించినట్టు.
తర్వాత ఏమీ లేదు.
నేను నిద్రపోలేదు.

చామంతి లెక్కల నోట్సుని వెనక నుంచి తెరిచి
రాయడం మొదలెట్టాను.
మంగళవారం తీసినవి రెండు వందల పన్నెండు.
శనివారం నూట తొంభై.
మొదట్లో చేతులు వణికేవి, అంకెలు వంకరపోయేవి.
తీసినవాటిని పూలమొక్కల మొదట్లో పాతిపెట్టాను.
ఆ కార్తీకంలో నా చామంతులకి
ఒక రూపాయి ఎక్కువ పలికింది.
ఎందుకో ఎవరికీ చెప్పలేదు.

అంతకు ముందు, అక్టోబరులో,
వాన మూడు రోజులు విడవలేదు.
తూము పొర్లింది.
తడిగడ్డి మీద పాక్కుంటూ రెండు కొరమీన్లు
బంగారునాయుడి వరిమళ్ళోకి వెళ్ళిపోయాయి.
గట్టు సరిహద్దు దగ్గర మాటపోయి
అతనికీ మాకూ రెండేళ్ళు.
తెల్లారి గోనెసంచితో వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.
"మీ పాములు మా మళ్ళోకొచ్చీసినాయి."
సంచిలో ఒక్కటే కదులుతోంది.
రెండోదేదన్నాను.
నేల చూస్తూ చెప్పాడు:
"అది మా ఇంటిది పులుసెట్టీసింది."
నవ్వాపుకోలేకపోయాను.
అతను మాత్రం నవ్వలేదు. ముళ్ళు ఎక్కువున్నాయన్నాడు.

ఇవాళ మళ్ళీ చెయ్యి ముంచాను.
అరచెయ్యి మాయమయ్యే చోట
ఏదో వేళ్ళకి రాసుకుని పోయింది.
గొరకో కొరమీనో తెలీలేదు.
బరువు తెలిసింది.
ఉంగరం తియ్యడం మర్చిపోయాను.