కర్మసాక్షి

సోహార్ ఓడరేవు దగ్గర, మూడో నంబరు ట్యాంకు పక్కన,
నీడ అన్న మాటకు అర్థం లేని వేళ
మొతాలెబ్ కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఒరిగిపోయాడు.
నా గడియారంలో ఒకటీ నలభై రెండు.

గడియారం చూడటమే నా ఉద్యోగం.
టైమ్‌కీపర్ గంగాధరి.
బ్యాడ్జి మీది ఫొటోలో ఐదేళ్ల కిందటి మీసం.

పన్నెండున్నర నుంచి మూడున్నర దాకా
ఎండలో ఎవరూ పనిచేయకూడదు.
రిజిస్టరులో ఆ గడి ఎప్పుడూ చల్లగానే ఉంటుంది:
విశ్రాంతి. విశ్రాంతి. విశ్రాంతి.
నలభై ఒక్క రోజులుగా అది నా దస్తూరీయే.
చువ్వలు వంచుతున్న డెబ్బై మందిని
ఒక్క మాట రాసి నిద్రపుచ్చినవాణ్ణి.

సాయంత్రం పూర్ణచంద్రరావు సార్ క్యాబిన్‌కు పిలిచాడు.
తలుపు తనే వేశాడు. చాయ్ తనే పోశాడు.
"పదకొండూ యాభై అని రాయి గంగాధరీ.
గుండెపోటు. మామూలు చావు.
పోయినవాడు ఎలాగూ రాడు.
ఉన్నవాళ్ల అన్నం ఎందుకు చెడగొట్టడం?"

ఆయన చెడ్డవాడైతే ఎంత సులువుగా ఉండేది!
సిమెంటు బస్తాల కింద నా నడుము పట్టేసిన ఏడు
నా చేతికి పెన్ను ఇచ్చింది ఆయనే.
మా అమ్మ కంటి ఆపరేషన్‌కు పంపిన డబ్బు
ఒక్కసారీ అడగలేదు, ఇవాళ కూడా.
అడగని అప్పే గొంతు మీద కూర్చుంటుంది.

"పొద్దుటిదాకా టైమిస్తున్నా" అన్నాడు,
టైమ్‌కీపర్‌కు.

రాత్రి, పై బంకు ఖాళీ.
కిటికీ చువ్వకు అతని లుంగీ ఇంకా ఆరుతూనే ఉంది.
ధర్మం సూక్ష్మం అంటారు.
సూక్ష్మమంటే కనబడనిది అనుకున్నాను ఇన్నాళ్లూ.
సూది ఎంత సన్నదైనా కనబడుతూనే ఉంటుంది,
దారం ఎక్కించాల్సిన చేయే వణుకుతుంది.

కల్లు దిగిన గొంతుతో మా తాత అనేవాడు:
"అబద్ధమాడితే పొద్దుగుంకినంక ఆడు బిడ్డా,
పొద్దు కర్మసాక్షి."
గుంకినంక ఎవరు చూస్తరు తాతా?
"చంద్రుడు."
అమాసనాడు?
తాత నవ్వి నా ఛాతీ మీద వేలితో పొడిచేవాడు.
అక్కడ ఇప్పటికీ సలుపుతుంది.

చంపింది ఈ సూర్యుడే.
చూసిందీ ఈ సూర్యుడే.
ముద్దాయీ సాక్షీ ఒక్కడే అయినప్పుడు
బోనులో ఎటువైపు నిలబడతాడు?
అడిగి, నాలుక కరుచుకున్నాను.
నా సంగతీ అంతే కదా.

ఫజర్ నమాజుకు లేచి
రోజూ నా కాలు తట్టేవాడు మొతాలెబ్:
"దాదా, నీ సూర్యుడొస్తున్నాడు."
ఇవాళ ఎవరూ తట్టలేదు.
నేనే లేచాను.
పోర్టా క్యాబిన్ వెనక, అరలీటరు సీసాతో అర్ఘ్యం.
నీళ్లు ఇసుకలో పడ్డ చోట
మచ్చ కూడా మిగల్లేదు.

రిజిస్టరు తెరిచి రాశాను: ఒకటీ నలభై రెండు.
అక్కడితో ఆపొచ్చు. ఆపుదామనే అనుకున్నాను.
పేజీ వెనక్కి తిరిగింది.
ఒక్కో విశ్రాంతి మీద ఒక్కో గీత, పక్కన నా సంతకం.
పదహారో రోజు దగ్గర చేయి ఆగింది.
ఆ రోజు మొతాలెబ్ నా భుజం మీదుగా తొంగిచూసి
"నన్ను పడుకోబెట్టావా దాదా" అని నవ్వాడు.
ఆ గీత వంకరపోయింది.

సార్ చదివాడు. తల ఎత్తలేదు.
కూర్చో అనలేదు, పో అనలేదు.
ఏసీ చప్పుడు ఒక్కటే.
అద్దాలు తీసి చాలాసేపు తుడుచుకున్నాడు.
అప్పుడు ఆయన మీద జాలి కలిగింది,
నా మీద అంతకన్నా.

సాయంత్రానికి బస్తాలో, విమానమో,
చేతికి సంకెళ్లో, తెలియదు.
ఆ లుంగీ మాత్రం ఆరింది.
మడతపెట్టాలి.
బరిసాల్‌లో వాళ్లింటి చిరునామా
స్పెల్లింగు తప్పు లేకుండా రాయాలి.