వినకూడదనుకునే కబురు

మార్సబిట్ ఊళ్లో, ఫోన్ రీఛార్జి కొట్టు వెనక గదిలో
జనరేటర్ దడదడల పక్కన
నా ప్రోగ్రామ్ చెవి రిక్కించుకుని కూర్చుంటుంది.
పన్నెండు సెకన్లకో బ్లాకు.
ప్రతి బ్లాకులోనూ లోకం రొద:
ఎవడో ఎవడికో పంపిన డబ్బు,
ఎవరో కొనుక్కున్న బొమ్మ, ఎవరో ఓడిపోయిన పందెం.
అవేవీ మాకక్కర్లేదు.
ఒకే ఒక కాంట్రాక్టు, ఒకే ఒక ఈవెంటు పేరు,
అంత సన్నటి జల్లెడ.

ఒంటెలకి బీమా కట్టడానికొచ్చిన రోజు
హల్కానో అడిగాడు, ఆ ఈవెంటు వస్తే ఏమవుతుందని.
నీకు డబ్బొస్తుందన్నాను.
ఎప్పుడొస్తుందన్నాడు.
ఆకాశంలోంచి చూసే కన్నుకి
చాల్బీ అంచున పచ్చదనం ఆననప్పుడు.
గడ్డం గోక్కున్నాడు కాసేపు.
"అయితే గుయాతో,
నువ్వు రాత్రంతా మేలుకునుండేది
మా గడ్డి చచ్చిపోయిందన్న చల్లటి కబురు కోసమా?"

నోట్లో మాట నోట్లోనే ఉండిపోయింది.
గొలుసంటే ఏమిటో మాత్రం చెప్పగలిగాను:
మన పాటల బావిలో
ఒకరి తలపై ఒకరుగా నిలబడ్డ మనుషులు,
చేతి నుంచి చేతికి ఎక్కే తోలు తిత్తి.
నడిమి మనిషిని మార్చాలంటే
పైవాళ్లందరినీ మళ్లీ ఎక్కించాల్సిందే.
"బావిలో పైవాడు
కిందవాడి గొంతు వింటేనే చెయ్యి చాపుతాడు" అన్నాడు హల్కానో.
అదేనయ్యా, నేను రాసిందీ అదే.

మార్చిలో టవర్ మూడు రోజులు పడుకుంది.
సాకెట్ చప్పుడు చేయకుండా చచ్చిపోయింది.
ప్రోగ్రామ్ మాత్రం హాయిగా వింటూనే ఉంది, ఏమీ లేనిదాన్ని.
తెగిన తీగ మౌనమూ
ఏమీ జరగని మౌనమూ
చెవికి ఒక్కలాగే ఉంటాయి.
అప్పట్నించీ అర నిమిషానికోసారి
ఉన్నావా అని అడిగిస్తున్నాను.
జవాబు రాకపోతే మళ్లీ కలిపి,
ఆఖరున విన్న బ్లాకు తర్వాతివన్నీ
ఒక్కొక్కటీ వెనక్కి పిలిపిస్తున్నాను.
ఆ నంబరు గోడ మీద బొగ్గుతో కూడా రాస్తాను.
డిస్కుల్ని నమ్మను.

మే నెల, రాత్రి రెండూ నలభై.
తెరమీద ఒక గీత పడింది.
పదకొండో మేత ప్రాంతం. చెల్లింపు.
ఫోన్ తీశాను, హల్కానో పేరు దాకా వెళ్లాను,
నొక్కలేదు.
రెండు బ్లాకులు గడిచాక
అదే గీత తిరిగొచ్చింది, పక్కన ఒక్క మాటతో: తొలగించబడింది.
గొలుసు అక్కడ చీలి
మా కబురు మోసిన కొమ్మ రాలిపోయింది.
సిగ్గు విడిచి చెబుతున్నాను, సంతోషించాను.
కోడ్ రాసిన దాన్ని, తెలిసినదాన్ని,
అయినా ఎక్కడో గడ్డి మొలిచిందనుకున్నాను.

తర్వాతి బ్లాకులో వచ్చింది మళ్లీ.
అదే కరువు, కొత్త నంబరు.
ఇక కదలదని గొలుసు ఒప్పుకునేదాకా పావుగంట
టీ చల్లారబెట్టుకుంటూ కూర్చున్నాను.

తెల్లారగానే ఫోన్ చేస్తే
అవతల ఒంటెల మెడగంటలు, కొయ్యవి, పొడిగా.
"తెలుసులే. గడ్డి నాకు పోయిన నెలే చెప్పింది.
మీ గొలుసు కొంచెం నిదానం."
డబ్బెంతో విన్నాడు. నీళ్ల లారీ బాడుగ ఎంతో లెక్కేసుకున్నాడు.
ముసలి ఒంటె ఒకటి లేవడం లేదన్నాడు.
పెట్టేసే ముందు అడిగాడు:
"వాన పడితే ఏ ఈవెంటు వస్తుంది?"
దానికి రాయలేదన్నాను, ఎవరూ.

ఆ సాయంత్రం డీజిల్ పోసి వచ్చి
ఇంకో వరస కలిపాను ప్రోగ్రామ్‌లో.
కాంట్రాక్టుకి తెలియని పేరొకటి పెట్టి
అది వస్తే గంట మోగించమన్నాను.
పంపేవాళ్లు లేరు, రాదు.
తప్పు చూపించకుండానే ఒప్పుకుంది యంత్రం.
వింటోంది.