ఒకటే ఐదువేలు

పర్లాకిమిడి కోర్టు వెనక వీధిలో
ఇస్త్రీ బండి వరహాలమ్మ దగ్గరికి
నాలుగు బ్యాంకుల చొక్కాలొస్తాయి.
ఏ చొక్కా వెనక ఎంత వడ్డీ ఉందో
ఆమె బొగ్గుల పెట్టెకి తెలుసు.

పెద్ద బ్యాంకు గుమస్తాది తెల్లది. కాలరు మాయదు.
నూటికి రెండు ముప్పావు.
పోస్టాఫీసు బిసోయి బాబు చొక్కాకి సగం గుండీలుండవు.
నాలుగు. ఎప్పుడూ నాలుగే.
పాతపట్నం సహకార బ్యాంకు కేషియరుది చారలది,
జేబు కింద సిరామరక.
ఆరు. అదీ మొదటి పాతికవేలకే,
నెలనెలా ఐదువేలు జమ పడితేనే.
కొత్తగా తెరిచిన చిన్న బ్యాంకు కుర్రాడిది నీలం,
చంకల దగ్గర ఉప్పు చారలు.
ఏడు. వాళ్లకీ అదే షరతు, అదే పాతికవేలు.

"వడ్డీ ఎక్కువిచ్చినోడికి సెమట ఎక్కువ పడతాది"
అంటుంది వరహాలమ్మ,
చంకలోకి పెట్టె మొన దూర్చి.

"నెలనెలా ఐదువేలు నాకేడొస్తాయి పాపా?"
అంది ఒక సాయంత్రం.
నీళ్లు చిలకరించింది. మడత తిప్పింది.
"ఎల్లినయ్యే మళ్లీ వొస్తే ఒప్పుకోరేటి?"

అప్పట్నుంచి
ఒకటో తారీఖున ఐదువేలు నీలం చొక్కా దగ్గర దిగుతాయి.
నాలుగు రోజులు పడుకుంటాయి.
ఐదున మళ్లీ గుడ్డసంచి ఎక్కి
షేరాటోలో మహేంద్రతనయ దాటి
రాష్ట్రం మారి, బోర్డుల మీద అక్షరం మారి
చారల చొక్కా ముందు కొత్త పెళ్లికూతురిలా నిలబడతాయి.
నెలాఖరుకి తిరుగు ఆటో.
విందులో ఉన్న ఒక్క వెండి గ్లాసూ
కడుక్కుని కడుక్కుని అందరు వియ్యాలవారికీ అందినట్టు.
తోమేవాళ్లకి తప్ప ఎవరికీ తెలీదు
అది ఒకటేనని.

చలానాలు నింపేది నేను.
మా నాన్న ప్యాంట్ల కోసం వెళ్లి దొరికిపోయాను.

పెద్ద బ్యాంకు పుస్తకంలో ఆమె బరహాలమ్మా.
ఒరియాలోకి అడుగు పెట్టగానే
"వ" తడిసి "బ" అయిపోతుంది.
బిసోయి బాబు విన్నంతవరకే రాశాడు: వరాలు.
చిన్న బ్యాంకు కంప్యూటరు గళ్లు చాలక
ఇంటిపేరుని ఒక పొడి అక్షరం చేసి
తర్వాత "అమ్మ" మాత్రం మిగిల్చింది.
నది అవతల ఒక్కచోటే
ఆమె పూర్తిగా వరహాలమ్మ.

మార్చి దాటాక నాలుగు పుస్తకాలూ
ఇస్త్రీ దుప్పటి మీద పరిచి లెక్క కట్టమంది.
యాభైవేలూ తెల్ల చొక్కా దగ్గరే కూర్చోబెడితే
వచ్చేది పదమూడు వందల డెబ్బై ఐదు.
తిప్పినందుకు
పద్దెనిమిది వందల డెబ్బై ఐదు ఎక్కువ.
ఆటోలకి నాలుగు వందల ఎనభై తీసేశాను.
బండి మూసిన పూటలు ఇరవై నాలుగున్నాయి కదా, అన్నాను.
"అయ్యి రాయకు" అంది.
రాయలేదు.

జూన్‌లో నీలం చొక్కా కుర్రాడు తలెత్తకుండా చెప్పాడు:
పేర్లు కలవట్లేదు, ఖాతా ఆగుతుంది,
ఈ నలుగురిలో మీరెవరో కాగితం తెండి.

కాగితం రాసేది కోర్టులోనే.
లాయరు పట్నాయకు మూడు వందలడిగాడు.
వరహాలమ్మ బండి కింద నుంచి నోటుపుస్తకం తీసింది.
నల్లకోటు, పదకొండు సార్లు, బాకీ.
లాయరు దగ్గాడు.
ఉచితంగానే టైపు కొట్టించాడు:
బరహాలమ్మా అనబడే, వరాలు అనబడే,
అమ్మ అనబడే వరహాలమ్మ
ఒక్కరేనని, దైవసాక్షిగా.

నాలుగు పేర్ల కింద
నిదానంగా ఒక్క సంతకం పెట్టింది.
కాగితం ముడత పడిందని పెట్టె ఆనించబోయి,
స్టాంపు ఊడుతుందేమోనని ఆగింది.
తర్వాత నా చెవి దగ్గరికి వంగింది.

"నలుగురూ ఒకర్తేనని రాసీసేరు గదా పాపా.
ఆ ఐదువేలు కూడా ఒకటేనని
ఇంక తెలిసిపోదు గదేటి?"