కిర్రు తలుపు ఇల్లు

పోర్టు నుంచి బొగ్గు పొడి వచ్చి
కిటికీ ఊచల మీద వాలే వేళ
పాత పోస్టాఫీసు దగ్గర మూడో అంతస్తులో
కరెంటు పోయి, వచ్చి, మళ్ళీ పోయి వచ్చాక
మా మేనకోడలు మౌక్తిక లాప్‌టాప్ తెరిచి
"అత్తా, నీ చిన్నప్పటి దయ్యాల కుటుంబం దొరికింది" అంది.

నలుపూ తెలుపూ.
అదే మేడ. అదే కిర్రుమనే తలుపు.
గబ్బిలాలకి పాలు పోసే తండ్రి,
సాలెగూళ్ళు విప్పి స్వెట్టరల్లే నాయనమ్మ,
ఉరుముని గొలుసేసి పెంచుకునే పిల్లాడు.
తలుపు తట్టిన ప్రతివాడూ,
బీమా ఏజెంటూ, బడి పంతులమ్మా, కొళాయి బాగుచేసేవాడూ,
లోపలికి ఒక్క చూపు చూసి
టోపీ వదిలేసి పరుగు.
వెంటనే నవ్వులు. కనబడని జనం నవ్వులు.

మా వీధికి కేబుల్ వచ్చిన కొత్తలో
గురునాథం గారి హాల్లో చాప మీద
పదకొండుమందిమి చూసేవాళ్ళం.
ఇంగ్లీషు ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు,
వాళ్ళు నవ్వినప్పుడల్లా నవ్వేవాళ్ళం.
ఎక్కడ నవ్వాలో అమెరికా చెప్పేది.

మౌక్తిక నవ్వడం లేదు.
"ఈయన్ని చూడత్తా, పెళ్ళాన్ని రోజూ కొత్తగా చూస్తాడు.
గోరీ మీద కూర్చుని ఇద్దరూ టీ తాగుతారు.
ఇంట్లో ఒక్క అరుపు లేదు.
అరిచేది పక్కింటివాళ్ళే, గమనించావా?"

లేదు, గమనించలేదు.
మా ఇంట్లో దయ్యాలు లేవు.
గేటుకి నిమ్మకాయలు, గుమ్మానికి గుమ్మడికాయ,
మేకుకి నాన్న బెల్టు.
ఆయన స్కూటర్ చప్పుడు మలుపులో వినబడగానే
నలుగురం నాలుగు పుస్తకాల్లోకి మాయమయ్యేవాళ్ళం.
ఆ విద్య మాకూ వచ్చు.

అప్పుడు గుర్తొచ్చింది ఎస్తేరు.
మా వీధి చివర దొరల సమాధుల తోట,
దాని కాపలా శౌరయ్య కూతురు.
గోడవారన రెండు గదులు,
పేరు చెరిగిన పలక మీద వడియాలు,
రెక్క విరిగిన రాతి దేవదూత మెడకి కట్టిన తాడు,
తాడు మీద ఎస్తేరు గౌన్లు.
బడికి ఆ గేటు ముందునుంచే వెళ్ళాలి.
ఊపిరి బిగబట్టి, చెప్పులు చేత్తో పట్టుకుని
ఒకటే పరుగు. అవతల బోరింగు దగ్గర ఆగి
కడుపు పట్టుకుని నవ్వు.
ఓ రోజు తనే గేటు తెరిచి పిలిచింది:
"ఏటే అలా పరిగెడతారు?
మా అమ్మ ఉప్పుచేప వేపింది, రండే."

"వెళ్ళావా?" అంది మౌక్తిక.
తెర మీద పోస్టుమాన్ పరిగెడుతున్నాడు.
బాగా పరిగెడుతున్నాడు,
అచ్చం నాలాగే.
నవ్వులు.

"ఆ నవ్వినవాళ్ళంతా ఈపాటికి పోయుంటారు కదా.
మనకి వినబడేది వాళ్ళే" అంది పిల్ల, మామూలుగా,
చిప్స్ నములుతూ.
ఒళ్ళు జలదరించింది, ఈసారి నిజంగా.
అరవై ఏళ్ళ కిందటి గొంతులు
మా గదిలో, మా బొగ్గు పొడిలో.
ఆ మేడలోవాళ్ళు మాత్రం బతికే ఉన్నారు,
ఇంకెవరొస్తారా అని గుమ్మం వైపు చూస్తూ.

హుద్‌హుద్ గాలికి తోట గోడ కూలిందన్నారు.
శౌరయ్య వాళ్ళు కంచరపాలెం పోయారనీ,
కాదు పెందుర్తనీ,
ఎస్తేరు నర్సయిందనీ.
అన్నీ ఎవరో అన్నవే.
నేను అడగలేదు, ఎవర్నీ.

"ఆ నవ్వులు తీసేసి పెట్టగలవా?" అన్నాను.
కుదరదంది. మొత్తం సౌండే తీసేసింది.

పంతులమ్మ వచ్చింది, చూసింది, పారిపోయింది.
నవ్వు లేకపోతే ఆ తర్వాతి క్షణం
ఎంత పొడుగో.
ఇల్లాలు గుమ్మంలోనే నిలబడి ఉంది,
చేతిలో పళ్ళెం,
పళ్ళెంలో ఏదో, మన కోసం చేసినదే.

మౌక్తిక ఆవలించింది.
తర్వాతి భాగం దానంతటదే మొదలైంది.
తలుపు తెరుచుకుంది,
కిర్రుమనకుండా.